పేపరు తాత చదవాలి.. మనవడు వినాలి!

హోసూరు: బాగలూరు రోడ్డులో ఒక కిరాణా అంగడి. పొద్దున ఆరున్నరకే షట్టరు లేస్తుంది. పాల ప్యాకెట్ల బేరం తగ్గాక బల్ల మీద రెండు పేపర్లు పరుచుకుంటాయి. ఒకటి తమిళం, ఒకటి తెలుగు. అరవై దాటిన అంగడి యజమాని రెండూ చదువుతారు. వచ్చినవాళ్లను బట్టి తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతారు. ‘ఏమి రాసినారు సామీ’ అని అడిగితే తెలుగు పేపరు పైకి చదివి వినిపిస్తారు. వినేవాళ్లలో చాలామంది ఇళ్లలో తెలుగే. చదవడం మాత్రం రాదు.

ఈ మధ్య ఎక్కువగా చదివించుకుంటున్నది విమానాశ్రయం కబుర్లే. హోసూరుకు అంతర్జాతీయ విమానాశ్రయం తెస్తామని 2024 జూన్‌లో ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. 2 వేల ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులన్నది లెక్క. ఆ తర్వాత బేరిగై, బాగలూరు వైపు స్థలం అనే మాట వచ్చింది. ఆ పక్క పల్లెల్లో తెలుగు రైతులు ఎక్కువ. ‘విమానం వస్తే మంచిదే. మా అంగడికీ బేరం పెరుగుతుంది. అయితే పోయే భూమి ఎవురిది అనేది గదా చూడాల’ అంటారు పెద్దాయన. రియల్ ఎస్టేట్ బ్రోకర్లు మాత్రం ఇప్పటికే రన్‌వే మీద నడుస్తున్నట్టు మాట్లాడుతున్నారు.

భూమి ఇచ్చి ఊరు పెరగడం హోసూరుకు కొత్త కాదు. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో అశోక్ లేలాండ్, ఆ దశాబ్దంలోనే టైటాన్ గడియారాలు. టీవీఎస్ బళ్లూ ఇక్కడివే. 2011 జనాభా లెక్కల్లో లక్షా 16 వేల పైచిలుకు ఉన్న పట్టణం 2019లో నగరపాలక సంస్థ అయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కార్మికులే తమ అంగడికి అన్నదాతలని యజమాని ఒప్పుకుంటారు. వాళ్ల కోసం హిందీలో ధరలు చెప్పడం కూడా నేర్చుకున్నారు.

బెంగళూరు పెరుగుదలలో హోసూరుకు దక్కిన ఇంకో వాటా నురగ! బెంగళూరు మురుగు కలిసి వచ్చే దక్షిణ పినాకిని నీళ్లు కెలవరపల్లి డ్యాములో నురగ కడతాయి. గేట్లు తెరిచిన రోజు ఫొటోలు మూడు భాషల పేపర్లలోనూ పడతాయి. దానికి చదువు అక్కర్లేదు, చూస్తే చాలు అంటారాయన.

ఓటుకు తెలుగు ఉంది

రాజకీయాల్లో మాత్రం తెలుగుకు కరువు లేదు. ఎన్నికలు వస్తే ఏ పార్టీ అభ్యర్థి అయినా సూళగిరి, బేరిగై పల్లెల్లో ‘అన్నా, అక్కా’ అనకుండా అడుగు వేయరు. హోసూరు నుంచి 2001, 2006, 2011లలో కాంగ్రెస్ తరఫున ఎమ్మెల్యేగా గెలిచిన గోపీనాథ్, 2024లో కృష్ణగిరి ఎంపీగా లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. ఆ రోజు అంగడి ముందు సెల్‌ఫోన్లలో ఆ వీడియో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ‘సంతోషమే. ఆ ప్రమాణపత్రం నా మనవడి చేతికిస్తే చదవలేడు. అది ఎవురికి చెప్పుకునేది?’ అన్నది పెద్దాయన ప్రశ్న.

మనవడిది తప్పు కాదు. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేస్తూ పోయారు. ఆ మొదటి జట్టు పిల్లలు 2015-16లో పదో తరగతికి చేరారు. తెలుగు, కన్నడ, ఉర్దూ పిల్లల పరీక్ష సంగతి కోర్టుకెక్కింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఒక్క ఏడాదికే. ఏటేటా ఉంటుందో ఊడుతుందో తెలియని తెలుగు పాఠాన్ని నమ్ముకోవడానికి తల్లిదండ్రులు జంకుతారు. పైగా ఇంగ్లీషు బడి బస్సు ఇంటి ముందుకే వస్తుంది. పెద్దాయన కొడుకూ బిడ్డను అందులోనే ఎక్కించాడు.

తమిళం మీద ఈయనకు కోపం ఏమీ లేదు. ‘ఈడ బతికేకి తమిళం రావాల. నాకు రాదా? నేను తెలుగు బళ్లో చదివే తమిళం నేర్చినాను. రొండూ ఎందుకు రావు?’ అంటారు. ఉగాదికి తమిళనాడు ప్రభుత్వం సెలవు ఇస్తుందని గుర్తుచేసి, ‘సెలవు ఇచ్చినారు, అయ్యవారిని కూడా ఇస్తే సరిపోయె’ అని నవ్వుతారు.

తమిళనాడులో అంగడి బోర్డు మీద తమిళం, ఇంగ్లీషు, మూడో భాష 5:3:2 పాళ్లలో ఉండాలని నిబంధన. ఆ రెండు పాళ్లలో తెలుగు రాయించుకోవాలని మొన్న ఆయన పెయింటరును పిలిచారు. కుర్రాడిది తెలుగిల్లే. మాటా తెలుగే. అక్షరాలు మాత్రం రావన్నాడు. పెద్దాయన కాగితం మీద పెద్దపెద్దగా రాసిస్తే, బొమ్మ చూసి గీసినట్టు గీశాడు. ‘కిరాణా’లో ‘ణ’ తిరగబడింది. దాన్ని సరిచేయించడానికి కుప్పం వైపు పెయింటరు కోసం చూస్తున్నారు. బస్సు చార్జీ కూడా ఇస్తామని కబురంపారు.