స్ఫురణ - భావనాభ్యాసం

స్ఫురణ అనగా తర్కించి తేల్చుకొనక మునుపే ఒక విషయం మనసుకు తట్టడం. దీనిని పెంపొందించుకొనుటకు సూచించే పద్ధతులలో భావనాభ్యాసం ఒకటి. శిక్షకుడు మెల్లగా వర్ణిస్తుండగా అభ్యాసకుడు కనులు మూసుకొని ఆ దృశ్యాన్ని మనసులో నిలుపుకొంటాడు. స్వామి సత్యానంద సరస్వతి (1923-2009) ప్రచారం చేసిన యోగనిద్రలో ఇది ఒక అంగం. అందులో సంకల్పం, శరీర భాగాలపై వరుసగా ధ్యాస, శ్వాసను గమనించడం అయిన పిమ్మట దృశ్యాలను ఒకదాని వెంట ఒకటి చెబుతారు.

దీనివలన శరీరం సడలి మనసు కుదుటపడవచ్చు. అయితే కనులు మూసుకొన్నంత మాత్రాన తెలియని సంగతి తెలియవస్తుందనుటకు ఆధారం లేదు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, గేరీ క్లైన్ 2009లో కలిసి వ్రాసిన వ్యాసంలో నమ్మదగిన స్ఫురణకు రెండు షరతులు పెట్టారు. ఆ రంగంలో నిలకడ గల క్రమం ఉండాలి. తన ఊహ తప్పో ఒప్పో తెలుసుకొంటూ చాలాకాలం అభ్యసించే వీలుండాలి. చదరంగం ఆడేవానికి ఈ వీలు కలదు, లాటరీ టికెట్టు కొనేవానికి లేదు. ఎంత ధీమాగా తోచినదన్నది కొలమానం కాదు. కనుక అభ్యాసంలో తట్టిన ఊహను తేదీతో సహా వ్రాసిపెట్టుకొని, పిదప ఫలితంతో పోల్చి చూడడం మేలు.

ఊహకు, పరీక్షకు గల సంబంధం సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ చేసిన పరిశోధనలో స్పష్టంగా కనిపిస్తుంది. మలేరియాకు దోమలతో సంబంధం ఉన్నదనే ఊహను ఆయనకు 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ వివరించాడు. రాస్ వేరే జాతుల దోమలను ఎంతోకాలం కోసి చూసి విఫలుడైనాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులు గల వింత కణాలు ఆయన కంటబడ్డాయి. అన్నాళ్ళు మామూలు కణాలను చూచిన కన్ను కనుకనే ఆ తేడాను పట్టగలిగింది. అయినా అంతటితో తృప్తిపడలేదు. మరునాడు ఇంకొక దోమను కోసి చూడగా అవే కణాలు మరింత పెద్దవై ఉన్నాయి.