కంప్యూటరు మందగించినప్పుడు

విద్యార్థులారా! పరీక్షల దినములలో ఇంటనున్న ఒక్క కంప్యూటరును మందగించినచో, "యంత్రము చెడినది" అని పెద్దలు దిగులుపడుదురు. ధనము వెచ్చించుటకు ముందు మీరే కొంత పరీక్షింపవచ్చును.

విండోసు యంత్రములో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందలి 'డీటెయిల్స్' అను పుటలో 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' ఎదుట 95 అని కనబడినను భయపడకుడు. 'ఐడిల్' అనగా పనిలేకుండుట. ప్రాసెసరు కాలములో నూటికి 95 పాళ్లు ఖాళీగా నున్నదని దాని యర్థము. ఎద్దు నీడను నిలిచిన కాలమును దుక్కిగా లెక్కింతుమా?

'సిస్టమ్' అని మాత్రమే యున్నది వేరు. దాని వరుస సంఖ్య 4. దాని యెదుటి అంకె చాలసేపు హెచ్చుగా నిలిచినచో, తరచుగా ఏదో యొక డ్రైవరు, అనగా పరికరమును నడుపు క్రమణిక, దోషము కారణమగును. 'సిస్టమ్'ను బలవంతముగా ఆపజూడరాదు. యంత్రమంతయు దానిపై నాధారపడి యున్నది.

మొదట వ్రాసినదానిని భద్రపరచి 'రీస్టార్ట్' చేయవలెను. 'షట్ డౌన్' చాలకపోవచ్చును. ఏలయన, 2012లో వెలువడిన విండోసు 8 మొదలుకొని పెక్కు యంత్రములు త్వరగా లేచుటకై వ్యవస్థ పూర్వస్థితిని డిస్కులో దాచి, మరల దానినే తెచ్చుకొనును. పిదప ప్రింటరు మొదలగు బయటి పరికరములను ఒక్కొక్కటిగా విడదీయుడు. దేనిని తీసినప్పుడు అంకె తగ్గునో, దాని డ్రైవరును తయారీదారు నుండి క్రొత్తగా తెచ్చి అమర్చవలెను.

అప్పటికిని తగ్గనిచో, చేసిన పరీక్షలన్నియు కాగితముపై వ్రాసి బాగుచేయువానికి చూపుడు. అతని శ్రమయు, మీ తలిదండ్రుల ధనమును మిగులును.