ఇంటికొక మంచి క్యారమ్ బోర్డు

"అయ్యగారూ, సెలవుల్లో పిల్లలకు క్యారమ్ బోర్డు కొందామనుకుంటున్నాము, ఎలాంటిది కొనమంటారు?" అని ఈ మధ్య మా సంఘములో రెండు మూడు కుటుంబాలవారు అడిగారు. ఇది పాస్టరును అడగవలసిన ప్రశ్నేనా అని కొందరికి తోచవచ్చు. మాకైతే సంతోషమే కలిగింది. పిల్లలు సాయంత్రం ఇంటిపట్టున ఉండాలని కోరే తల్లిదండ్రులే ఆ మాట అడుగుతారు. పైగా ఈ విషయములో ఒకసారి డబ్బు పోగొట్టుకున్నవారము గనుక చెప్పడానికి మాకు కొంత అనుభవమున్నది.

కొన్నేండ్ల క్రిందట క్రిస్మస్‌కు ముందు పట్నం వెళ్ళి, ఒక దుకాణములో ఉన్నవాటిలోకెల్లా చవకైన బోర్డు తెచ్చాము. పండుగ దినాల్లో అది బాగానే పనిచేసింది. వానాకాలం రాగానే నడుమ పళ్ళెములా గుంటపడింది. కొట్టిన కాయ పాకెట్ అంచుదాకా వెళ్ళి మెల్లగా వెనక్కి జారేది. "నీవే బోర్డు కదిపావు" అని మా పెద్దవాడు, "నేను ముట్టనేలేదు" అని చిన్నమ్మాయి, దినదినము ఇదే తగవు. ఒకరోజు మేము విసిగి వాడిని ఒక దెబ్బ కూడా వేశాము. తరువాత మా పొరుగున ఉన్న వడ్రంగి ఆ బోర్డును ఎత్తి చూచి, "పిల్లల తప్పేమీ లేదండీ, చెక్కది తప్పు" అన్నాడు. ఆ మాట మా మనస్సులో గుచ్చుకున్నది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు వాడిని క్షమించమని అడిగాము. అయితే అప్పటికే బోర్డు అటకెక్కింది, వాడు రోడ్డు మీది టీ కొట్టు ప్రక్కనున్న క్యారమ్ బల్ల దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ ఓడినవాడు ఆటకు డబ్బు కట్టాలి. కొన్నిచోట్ల అంతటితో ఆగదు, రెడ్డుకు ఇంత, బోర్డుకు ఇంత అని పందెము నడుస్తుంది. వాడిని అక్కడినుండి తిరిగి ఇంటికి రప్పించుకోవడానికి మాకు రమారమి ఒక సంవత్సరం పట్టింది. చవక బేరమని మురిసిపోయి చెల్లించిన ధర అది.

అందుచేత కొనేవారు కాస్త ఓపికతో చూచి కొనాలని మా మనవి. పట్నాల్లో క్లబ్బులవారు కొనే బిలియర్డ్స్ బల్లకు రాతిపలక పరుస్తారు, దాని బరువు వందల కిలోలు, దానికొక గది కావాలి. మన ఇండ్లకు తగినది క్యారమే. గోడకు ఆనించి పెట్టుకోవచ్చు, నలుగురూ చుట్టూ కూర్చోవచ్చు.

మొదట కొలత చూడండి. పోటీలలో వాడే బోర్డుకు ఆడే భాగము 74 సెంటీమీటర్ల చదరము, అనగా 29 అంగుళాలు. ఫ్రేముతో కలిపి ఇంచుమించు 35 అంగుళాలు అవుతుంది. చిన్న పిల్లలకని 20 అంగుళాల బోర్డులు అమ్ముతారు. అవి రెండేండ్లలో బొమ్మల మూలకు చేరతాయి, పెద్దవాళ్ళెవరూ వాటి దగ్గర కూర్చోరు. తండ్రి కూడా కూర్చోవాలంటే పూర్తి కొలత బోర్డే తీసుకోవాలి.

ఆ తరువాత ప్లైవుడ్ మందము. అసలు కిటుకంతా ఇక్కడే ఉన్నది. పాకెట్ రంధ్రములో వేలుపెట్టి అంచును తడమండి. పోటీల నిబంధన ప్రకారము 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మేము మోసపోయినది 4 మిల్లీమీటర్ల దానితో. పైన మెరుగు, గీతలు, నడుమ పువ్వు, అన్నీ రెండింటికీ ఒకేలా ఉంటాయి గనుక పైపై చూపుకు తేడా తెలియదు. బోర్డును తిరగవేసి వెనుక అడ్డముగా చెక్కపట్టీలు బిగించారా లేదా చూడండి. అవి లేకుంటే వానాకాలంలో ప్లైవుడ్ వంగుతుంది. ఫ్రేము టేకుదైనా నల్లతుమ్మదైనా ఫరవాలేదు, గట్టి చెక్క కావాలి. మూలల అతుకులో గోరు దూరితే వద్దనండి.

దుకాణాల్లో మీటరు కొలబద్ద ఉంటుంది. దానిని అడిగి తీసుకొని, బోర్డు మీద మూలనుండి మూలకు ఆనించి, క్రింద వెలుతురు కనిపిస్తుందేమో వంగి చూడండి. రెండు మూలల వైపునా అలాగే చేయండి. ఆ తరువాత స్ట్రైకర్ అడిగి ఒక ప్రక్కనుండి బలముగా కొట్టండి. మంచి బోర్డు మీద అది అటు వెళ్ళి, ఇటు వచ్చి, మళ్ళీ అటు వెళ్ళి, సగము దూరము తిరిగి రావాలి. పోటీల బోర్డులకూ ఇలాంటి పరీక్షే పెడతారు. దుకాణదారుడు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి. కాయకష్టం చేసి సంపాదించిన డబ్బు మనది.

కాయలు మొత్తము 19, తెల్లవి 9, నల్లవి 9, రెడ్డు ఒకటి. ఒక్కొక్క కాయ 5 గ్రాములు మొదలు 5.5 గ్రాముల వరకు తూగాలి. స్ట్రైకర్ 15 గ్రాములకు మించకూడదు, వ్యాసము 4.13 సెంటీమీటర్లకు మించకూడదు. బరువైన స్ట్రైకర్ కొంటే కుర్రవాళ్ళకు సరదాయే గాని ఫ్రేము త్వరగా దెబ్బతింటుంది.

ఇక పౌడరు సంగతి. ముఖానికి పూసుకొనే పౌడరు చల్లితే బోర్డు జిగట పడుతుంది, బియ్యప్పిండి చల్లితే చీమలు పడతాయి. మా ఇంట రెండూ జరిగాయి. బోరిక్ పౌడరే వాడాలి, అదీ చిటికెడే. అది కడుపులోకి పోతే హాని చేస్తుంది గనుక డబ్బా పసిపిల్లలకు అందని చోట పెట్టండి, ఆట ముగియగానే చేతులు కడిగించండి. తడిగుడ్డతో బోర్డు తుడవవద్దు. నులక మంచము మీద పెట్టి ఆడవద్దు, చెమ్మ గోడకు ఆనించవద్దు.

ఆడపిల్లల విషయములో ఒక మాట. చాలా ఇండ్లలో అన్నదమ్ములు ఆడుతుంటే అక్కచెల్లెండ్రు పౌడరు చల్లడానికి, క్రింద పడిన కాయలు ఏరడానికి ఉంటారు. ఇది మంచిది కాదు. ప్రపంచ చాంపియన్ అయిన ఎస్. అపూర్వ మన హైదరాబాద్ ఆమే. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్ పోటీలలో చెన్నైకి చెందిన ఒక ఆటో డ్రైవరు కుమార్తె ఖాజిమా మూడు బంగారు పతకాలు గెలిచింది. మీ అమ్మాయికీ స్ట్రైకర్ ఇవ్వండి.

మేము రెండవసారి మంచి బోర్డు తెచ్చినప్పుడు సంఘ పెద్దలలో ఒకరు బాధపడ్డారు. ఆయన తాపీ మేస్త్రీ. ఆయన తమ్ముడు క్యారమ్ పందేలలో కూలి డబ్బులు పోగొట్టుకొని ఇల్లు గుల్ల చేసుకున్నవాడు. "పాస్టరుగారింటనే ఇది పెడితే, రేపు మా ఇండ్లల్లో ఏమని అడ్డుపడతాము?" అన్నారు. ఆయన మాటను మేము తోసివేయలేదు. ఆ కుటుంబము పడిన వేదన మేమెరుగుదుము. జెకర్యా గ్రంథము 8వ అధ్యాయములో దేవుడు యెరూషలేమును గూర్చి చేసిన వాగ్దానములో, వీధులలో ఆడుకొనే మగపిల్లలూ ఆడపిల్లలూ, వారి దగ్గరనే కర్ర పట్టుకొని కూర్చున్న వృద్ధులూ ఉన్నారని మాత్రము ఆయనకు చూపించాము. టీ కొట్టు బల్ల దగ్గర పిల్లలున్నారు, పెద్దలు లేరు, మాకు కనిపించిన తేడా అదేనన్నాము. పైసా పందెము ఉండదనీ, పెద్దవాళ్ళు ఒకరైనా కూర్చోకుండా బోర్డు తీయమనీ మాట ఇచ్చాము. ఆయన ఔననలేదు, కాదనలేదు.

రెండు వారాల తరువాత ఒక శనివారము సాయంత్రము ఆయన మా వాకిట్లోకి వచ్చి కొంతసేపు నిలుచుని చూశారు. "బోర్డు మట్టముగా లేదు, ఈ ప్రక్క దిగింది" అని, సంచిలోనుండి రసమట్టము తీసి బోర్డు మీద పెట్టారు. నిజమే, మా గచ్చు అటువైపు కొంచెము వాలి ఉన్నది. ఒక మూలకు గోనెపట్టా మడిచి పెట్టి సరిచేశారు. అప్పటినుండి శనివారాల్లో ఆట మొదలయ్యే ముందు రసమట్టము పెట్టేది ఆయనే. మొన్న మా స్ట్రైకర్ పాకెట్‌లో పడినప్పుడు "అయ్యగారూ, ఫైన్" అని చెయ్యి చాపి, గెలిచిన కాయ ఒకటి తీసి నడుమ పెట్టించారు. మా పెద్దవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.