సుద్దకొండల దారిలో మెత్తని టైరు

పాస్కల్ సూత్రం చెబుతున్నప్పుడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, గాలి అన్ని వైపులకీ ఒకేలా నెడుతుందన్నారు. అయితే సైకిలు ట్యూబులో గాలి రిమ్మును కింద నుంచి పైకి ఎంత నెడుతుందో, పై నుంచి కిందికీ అంతే నెట్టాలిగా? చెల్లుకు చెల్లు. మరి తొక్కేవాళ్ల బరువు మోసేదెవరు?"

టైరు గాలి మీద నడుస్తోందని అందరం అంటాం. ఆ మాట ఈ ప్రశ్న ముందు నిలవదు. సైకిలు మొత్తంలో నాకు టైరంత ఇష్టమైన భాగం ఇంకొకటి లేదు కాబట్టి జవాబు తీరుబడిగా చెబుతాను. అయితే టైరు గొప్పతనం నున్నటి తారురోడ్డు మీద బయటపడదు. దాన్ని ఇంగ్లండు దక్షిణ తీరంలో, సుద్దకొండల మీద చూడాలి.

వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సుమారు 160 కిలోమీటర్లు సౌత్ డౌన్స్ వే అనే బాట కొండల వెన్ను మీదుగా సాగుతుంది. తూర్పు కొసన ఆ కొండలు ఉన్నట్టుండి తెగి, తెల్లటి గోడలుగా సముద్రం ఒడ్డున నిలబడతాయి. అవే సెవెన్ సిస్టర్స్, బీచీ హెడ్. బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. బ్రిటన్ తీరంలో అంత ఎత్తైన సుద్దగట్టు మరొకటి లేదు. క్రెటేషియస్ కాలపు సముద్రంలో తేలిన, కంటికి ఆనని నాచుజీవుల సున్నపు పెంకులు అడుగున కోట్ల ఏళ్లపాటు పేరుకుని ఈ సుద్ద అయింది. సముద్రం దాన్ని ఇంకా కొరుకుతూనే ఉంది. 1999లో బెల్ టూట్ లైట్‌హౌసును జాకీలతో లేపి, ఉన్నదున్నట్టుగా 17 మీటర్లు వెనక్కి జరపాల్సి వచ్చింది.

సైకిలు మీద వెళ్లేవాళ్లకు గట్టు అంచున దారి లేదు. ఆల్‌ఫ్రిస్టన్ ఊరి దగ్గర బాట రెండుగా చీలుతుంది. నడిచేవాళ్లు సెవెన్ సిస్టర్స్ మీదుగా వెళతారు. గుర్రాలూ సైకిళ్లూ విండోవర్ కొండ ఎక్కి, జెవింగ్‌టన్ ఊరు దాటి, ఈస్ట్‌బోర్న్ పైన మళ్లీ సముద్రాన్ని చూస్తాయి. గుర్రపు బాటల మీద సైకిలు తొక్కే హక్కు ఇంగ్లండులో 1968 చట్టంతో వచ్చింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్న షరతుతో.

ఎండగా ఉన్నప్పుడు ఆ బాట గట్టిగా, తెల్లగా ఉంటుంది. వాన పడితే సుద్ద పైపొర మెత్తబడి టైరుకు పట్టు దొరకదు. అంతకంటే పెద్ద గండం చెకుముకి రాళ్లు. సముద్రపు స్పాంజీల ఒంట్లోని సిలికా కరిగి, సుద్ద పొరల మధ్య మళ్లీ గట్టిపడి ఇవి తయారయ్యాయి. సుద్ద వానకు అరిగిపోతుంది. చెకుముకి అరగదు, అందుకే బాట మీద తేలి కూర్చుంటుంది. పగిలితే వంపు తిరిగిన వాడి అంచు వస్తుంది. ఇదే కొండల వరుసలో సిస్‌బరీ దగ్గర కొత్త రాతియుగపు మనుషులు గొడ్డళ్ల కోసం గనులు తవ్వి మరీ ఈ రాళ్లు తీసుకున్నారు. ఆ పదునే ఇప్పుడు టైరు పక్కలకు ఎదురవుతోంది.

ఈ బాటకు సరిపోయే బండి గ్రావెల్ సైకిలు. చూడటానికి రేసు సైకిలే: కిందికి వంగిన హ్యాండిలు, తేలికైన ఫ్రేము. తేడా చక్రాల్లో ఉంది. 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వాటికి చోటిచ్చే డిస్కు బ్రేకులు. చాలావాటిలో స్ప్రింగులు ఉండవు. టైరే స్ప్రింగు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. గాలి రిమ్మును నేరుగా నెట్టే బలాలు చుట్టూ సమానం. తను అన్నట్టే చెల్లుకు చెల్లు. కానీ టైరులో గాలితోపాటు దారాలూ ఉన్నాయి. పాత టైరును కోసి చూడండి: రబ్బరు కింద సన్నని నైలాన్ దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఏటవాలుగా పరిచి ఉంటాయి. గాలి కొట్టగానే అవి బిగుసుకుని రిమ్ము అంచులను బయటికి లాగుతాయి. రిమ్ము పైభాగంలో పైకి, కిందిభాగంలో కిందికి, ముందు ముందుకు, వెనక వెనక్కి. చక్రాన్ని చేత్తో లేపి పట్టుకున్నంతసేపూ ఈ లాగుడంతా సరిసమానమే.

నేల మీద పెట్టి మనిషి ఎక్కాక చూడాలి అసలు విషయం. నేలకు తగిలిన చోట టైరు చదునై పక్కలకు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట దారాలు నిలువు వదిలి అడ్డానికి తిరుగుతాయి. వంపు చిన్నదవుతుంది, బిగువూ తగ్గుతుంది. అంటే అక్కడ రిమ్మును కిందికి లాగే బలం సడలింది. పైభాగంలో దారాలు పైకి లాగే బలం మాత్రం అలాగే ఉంది. ఆ తేడాయే మనిషి బరువు మోస్తుంది. ఉట్టిలో కుండలా రిమ్ము పై దారాలకు వేలాడుతోందన్న మాట! గాలి పని ఆ దారాలను బిగించి ఉంచడం.

చక్రంలో పుల్లలదీ ఇదే పద్ధతి. బరువు పడితే ఇరుసు కింద ఉన్న పుల్లల బిగువు తగ్గుతుంది. సన్నని పుల్లను నెడితే వంగిపోతుంది. దారాన్ని నెట్టడమంటే అసలే కుదరదు. రెండింటికీ ముందే బిగువు పెట్టి, ఆ బిగువు సడలడం ద్వారా బరువు మోయించడం ఎంత తెలివైన పని! బోర్డు మీద ఎన్నిసార్లు గీసి చెప్పినా నాకు తనివి తీరదు.

ఇక నేలకు తగిలే భాగం ఎంత? టైరుకు ఇంకు పూసి, తెల్లకాగితం మీద దించి, మనిషిని ఎక్కించి మరక కొలవచ్చు. మా పిల్లలకు బాగా నచ్చిన ప్రయోగమిది. లెక్క తేలిక: బరువును ఒత్తిడితో భాగిస్తే వైశాల్యం. వెనక చక్రం మీద 50 కిలోలు పడుతున్నాయనుకుందాం. రేసు టైరులో 100 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. నేలకు తగిలేది 7 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. గ్రావెల్ టైరులో 35 పీఎస్ఐ, అంటే సుమారు 2.5 కిలోలు. తగిలేది 20 చదరపు సెంటీమీటర్లు. టైరు గుడ్డకూ కాస్త బిగువుంటుంది కాబట్టి కాగితం మీద మరక ఈ లెక్కకు అచ్చంగా సరిపోదు, దగ్గరగా వస్తుంది. తడి సుద్ద మీద ఆ మూడింతల వైశాల్యమే తొక్కేవాళ్లను నిలబెడుతుంది.

గాలి అంత తగ్గిస్తే టైరు చతికిలబడదా? సన్నని టైరైతే చతికిలబడుతుంది, రాయి తగిలితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. వెడల్పు టైరుకు ఆ భయం తక్కువ. దారం బిగువు, గాలి ఒత్తిడినీ టైరు వెడల్పునూ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల టైరుకు బదులు 50 మిల్లీమీటర్లది వేసి, గాలి సగానికి తగ్గించినా దారాల బిగువు మారదు. పైగా రాయిని మింగడానికి లోపల రెట్టింపు లోతు ఉంది.

మింగడం అనేది సుఖం కోసమే అనుకుంటారు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ కూడా కొడుకు ట్రైసికిలు కుదుపు తగ్గించాలనే మొదలుపెట్టాడు. కొయ్య బిళ్ల చుట్టూ రబ్బరు గొట్టం వేసి, పైన నారగుడ్డ బిగించి, ఫుట్‌బాల్ పంపుతో గాలి కొట్టాడు. దాన్నీ ట్రైసికిలు చక్రాన్నీ పెరట్లో దొర్లించాడు. ట్రైసికిలు చక్రం చివరిదాకా పోకుండానే ఒరిగిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, గేటుకు కొట్టుకుని వెనక్కి వచ్చింది.

ఆ రెండు చక్రాల మీదా ఎవరూ కూర్చోలేదు. సుఖం ప్రసక్తే లేదు. అయినా ఒకటి ఎక్కువ దూరం పోయింది. గట్టి చక్రం ప్రతి గులకరాయి దగ్గరా మొత్తంగా పైకి లేవాలి. ముందుకు పోవాల్సిన శక్తి ఎగిరి పడటంలో ఖర్చయిపోతుంది. గాలి చక్రంలో రాయి తగిలిన చోటే లోపలికి పోతుంది, ఇరుసు తన దారిన తాను పోతుంది. నొక్కుకున్న గాలి, రాయి దాటగానే ఆ శక్తిలో చాలా భాగం తిరిగిచ్చేస్తుంది. తిరిగి రాని కొంత రబ్బరులోనే వేడిగా మిగిలిపోతుంది.

డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1889లో విల్లీ హ్యూమ్ ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో గెలిచాడు. తర్వాత తెలిసింది, 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ గుర్రపు బగ్గీల కోసం గాలి చక్రాలకు పేటెంటు తీసుకున్నాడని. దాంతో డన్‌లప్ పేటెంటు చెల్లలేదు. ఇద్దరూ స్కాట్లండు వాళ్లే. ఆలోచన ముందు థామ్సన్‌దే, సందేహం లేదు. అయినా ఆ పెరటి ప్రయోగం ముందు నేను చేతులు జోడిస్తాను.

నాకు ఇంకా ఇష్టమైన పోటీ ఫ్రాన్స్‌లో జరిగింది. అప్పట్లో టైరును రిమ్ముకు జిగురుతో అంటించేవారు. పంక్చరు పడితే గంటల పని, పైగా జిగురు ఆరేదాకా ఆగాలి. మిషెలిన్ సోదరులు ఊడదీసి మళ్లీ బిగించగల టైరు తయారుచేశారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే సుమారు 1200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరోఁ మిషెలిన్ టైర్లతో, జియెల్-లావాల్ డన్‌లప్ టైర్లతో దిగారు. తెరోఁ దాదాపు 71 గంటల్లో వచ్చి గెలిచాడు. మరుసటి ఏడు పారిస్ నుంచి క్లెర్మోఁ-ఫెరాఁకు మిషెలిన్ వాళ్లే ఒక పందెం పెట్టి, తమ టైరు ఎంత త్వరగా బాగవుతుందో లోకానికి చూపడానికి దారిలో మేకులు చల్లారు.

ఆ తర్వాత నూరేళ్లు సైకిలు లోకం ఒక పొరపాటు నమ్మకంలో గడిపింది: టైరు ఎంత సన్నగా, గట్టిగా ఉంటే అంత వేగమని. దానికి కారణం ఉక్కు డ్రమ్ము. ప్రయోగశాలలో టైరును నున్నటి డ్రమ్ము మీద తిప్పితే, గాలి పెంచేకొద్దీ నిరోధం తగ్గుతూనే పోతుంది. అక్కడ రాళ్లు లేవు, మనిషీ లేడు. దారి మీద మనిషితో కొలిస్తే ఒక హద్దు దాటాక నిరోధం పెరుగుతుంది. అదురు మనిషి కండల్లోకి ఎక్కి, ఆ శక్తి అక్కడే వేడిగా పోతుంది. జర్మనీలో పుట్టి సియాటిల్‌లో స్థిరపడ్డ యాన్ హైనె తన పత్రిక కోసం మనుషులను ఎక్కించి, రోడ్డు పక్క గరుకు పట్టీల మీద కూడా ఈ పరీక్షలు చేశాడు. డన్‌లప్ పెరడు చెప్పిన మాటే మళ్లీ చెప్పించాడని నేను అనుకుంటాను.

మిగతా కథ చకచకా నడిచింది. డిస్కు బ్రేకు వచ్చి టైరు వెడల్పుకు అడ్డు తీసేసింది. 1999లో మావిక్ వాళ్లు కొండ సైకిళ్లకు ట్యూబ్‌లెస్ రిమ్ము తెచ్చారు. ట్యూబే లేదు కాబట్టి నలిగేదీ లేదు. లోపల పోసే రబ్బరుపాల ద్రవం చెకుముకి చేసిన చిన్న చిల్లులోకి గాలితోపాటు దూరి, అక్కడే గడ్డకట్టి మూసేస్తుంది. 2006లో అమెరికాలోని కాన్సస్‌లో, ఫ్లింట్ హిల్స్ అనే చెకుముకి కొండల మీద 200 మైళ్ల మట్టిదారి పందెం మొదలైంది. 2022లో ఇటలీలోని వెనెటోలో గ్రావెల్ ప్రపంచ పోటీలు జరిగాయి.

ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన దారుల మీద జరిగే పారిస్–రూబే పందేల్లో ఇటీవల తొక్కుతూనే టైరులో గాలి మార్చుకునే ఏర్పాట్లు కూడా కనబడ్డాయి. అలాంటిది ఉంటే విండోవర్ కొండ దిగేటప్పుడు గాలి తగ్గించి, జెవింగ్‌టన్ దగ్గర తారురోడ్డు రాగానే మళ్లీ నింపుకోవచ్చు. ఆ ఖరీదైన ఏర్పాటు లేనివాళ్లు పొద్దున్నే బాట పొడిగా ఉందో తడిగా ఉందో కనుక్కుని, గేజీ మీద ఒక అంకె చూసుకుని బయల్దేరుతున్నారు.