లేని కాలి బరువెంత?

మా బావది వడ్ల వ్యాపారం. సోమశిల నీళ్లు పారే ఊళ్లలో కోతలయ్యాయంటే, మా అనంతసాగరం చుట్టుపక్కల చాలా కళ్లాల్లో ఆయన కాటానే దిగుతుంది. తేమకి ఇంత తరుగు, గోతానికి ఇంత తరుగు, పుట్టికి ఇంత రేటు... అన్నీ నోటిలెక్కలే. అట్టాంటి మనిషి పోయినేడు ఎండాకాలంలో నెల్లూరు నుంచి వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. "బావా, ముప్పై ఏళ్లుగా నేను జనానికి తరుగు వేస్తున్నా. ఇయ్యాళ నాకే వేశారు" అన్నాడు.

సెలవులకి వచ్చిన మా మనవరాలూ మనవడూ చుట్టూ చేరారు. ఈ తాత వస్తే వాళ్లకి పండగ. ఎందుకంటే ఆయన అరుగెక్కగానే ఎడమకాలు ఊడదీసి స్తంభానికి ఆనించి పెడతాడు. పన్నెండేళ్ల కింద ఆత్మకూరు రోడ్డు మీద లారీ కింద పడింది ఆ కాలు. మోకాలి కింద నుంచి తీసేశారు. అప్పటి నుంచీ కట్టుడు కాలే.

కాలు పోయాక ఆయన కళ్లాలు తిరగడం తగ్గింది, గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం పెరిగింది. ఒళ్లు వచ్చింది, వెనకాలే షుగరు వచ్చింది. సోమరితనం అని ఇంట్లోవాళ్లు సణిగారుగానీ, దాన్లో సైన్సు ఉంది. మోకాలి కింద కాలు పోయిన మనిషి కట్టుడు కాలితో నడిస్తే, అదే దూరానికి మనకన్నా సుమారు 25 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మోకాలి పైన పోయినవాడికి దాదాపు 60 శాతం ఎక్కువ. అంటే మనం చెరువు కట్ట దాకా నడిస్తే అయ్యే ఆయాసం ఆయనకి ముప్పాతిక దారి దాటగానే మొదలవుతుంది. నడక కష్టమని కూర్చుంటే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే నడక ఇంకా కష్టమవుతుంది. గానుగెద్దు తిరిగినట్టు అక్కడక్కడే.

"కట్టుడు కాలు బరువు కదా తాతా, అందుకేనా?" అన్నాడు మనవడు. అదొక్కటే కాదు, కానీ అదీ ఉంది. నీళ్ల బిందె చంకన పెట్టుకుని మీ అవ్వ అవలీలగా ఫర్లాంగు నడిచేది. అదే బిందె చెయ్యి చాపి కొసన పట్టుకోమంటే పది అడుగులు వెయ్యలేదు. ఒంటికి దగ్గరగా ఉన్న బరువు ఒక రకం, కొసన ఉన్న బరువు ఇంకో రకం. హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉన్నప్పుడు అబ్దుల్ కలాం గారిని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన పిల్లల వార్డుకి తీసుకెళ్లాడు. పోలియో వచ్చిన పిలకాయలు మూడు కిలోల ఇనప పట్టీలు ఈడ్చుకుంటూ నడవడం చూశాడాయన. అగ్ని క్షిపణికి వాడిన తేలిక పదార్థంతోనే 300 గ్రాముల పట్టీలు చేయించాడు. తన జీవితంలో పెద్ద సంతోషాల్లో ఇదొకటని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. రాకెట్టు కన్నా నాకూ ఇదే గొప్పగా కనిపిస్తుంది, ఏమనుకోవద్దు.

సరే, బావ తరుగు సంగతికి వద్దాం.

ఎన్ని తిప్పలు పడ్డా బరువు తగ్గక, షుగరు మందులకి లొంగక, చివరికి డాక్టర్లు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమన్నారు. బేరియాట్రిక్ ఆపరేషన్ అంటారు దాన్ని. దీనికి ఒక కొలత ఉంది, బీఎంఐ అని. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 1830ల్లో క్వెట్లే అనే బెల్జియం లెక్కల పండితుడు కట్టిన లెక్క అది. ఆయనకి వైద్యంతో పని లేదు, సగటు మనిషి ఎట్టా ఉంటాడో చూడాలని సరదా. బీఎంఐ అనే పేరు మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా ఆయన పెట్టాడు.

ఈ కొలతకి గీతలు గీస్తారు. ఆ గీతలు మన పుట్టి లాంటివి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. జిల్లా దాటితే పుట్టి మాటే గానీ తూకం అదే ఉండదు. అట్టాగే తెల్లవాళ్లకి 30 దాటితే ఊబకాయం అంటారు, మనవాళ్లకి 25 దాటితే చాలు. మన ఒళ్లు తక్కువ బరువుకే పొట్టలో కొవ్వు దాచుకుంటుంది, షుగరు తెచ్చుకుంటుంది. అందుకే 2022లో ఈ సర్జన్ల అంతర్జాతీయ సంఘం, అమెరికా సంఘం కలిసి, అందరికీ 35 గీతయితే, ఆసియావాళ్లకి 27.5 నుంచే ఆపరేషన్ చేయొచ్చన్నాయి. కానీ మన దేశంలో బీమా పాలసీల్లో రాసి ఉండే షరతు వేరు. 40 ఉండాలి, లేదా 35 ఉండి, మందులకి లొంగని షుగరు లాంటి పెద్ద జబ్బు తోడుండాలి.

బావ ఎత్తు 165 సెంటీమీటర్లు, కట్టుడు కాలు తీసి తూస్తే 92 కిలోలు. లెక్క కడితే 33.8. గీత 35. బీమావాళ్లు కాగితం తిప్పి పంపేశారు.

"కాలు లేదని కాగితంలో ఎక్కడ రాశారు?" అన్నాను. రాయలేదు. రాయడానికి గడే లేదు.

అదీ తిరకాసు. ఆయన ఎత్తు రెండు కాళ్ల మనిషి ఎత్తు, బరువు మాత్రం కాలు తక్కువైన మనిషి బరువు. రెండూ కలిపి భాగిస్తే, పోయిన కాలుని కొవ్వు తగ్గినట్టు లెక్కేసినట్టే. ఒంటి ముక్కలు ఒక్కొక్కటి ఎంత తూగుతాయో సగటు లెక్కలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అరచెయ్యీ వేళ్లూ కలిసి వందకి 0.7. చెయ్యి మొత్తం 5. పాదం 1.5. మోకాలి కింద పాదంతో సహా 5.9. తొడ మొదలు నుంచి కాలు మొత్తం 16. ఆరోవంతు మనిషి, చూడండి!

మనవరాలు ఫోను తీసి, "92కి 5.9 శాతం కలిపితే 97.4" అంది. ఆగు తల్లీ, ఇక్కడే పెద్దపెద్దవాళ్లు కూడా జారతారు. వంద మామిడికాయల్లో ఆరు కుళ్లిపోతే మిగిలేది 94. ఆ 94కి ఆరు శాతం కలిపి చూడు, వంద రాదు. పోయింది మొత్తంలో ఆరు శాతం, మిగిలినదాంట్లో కాదు. కాబట్టి కలపకూడదు, భాగించాలి. 92ని 0.941తో భాగిస్తే 97.8. అప్పుడు బీఎంఐ 35.9.

బావ లేచి నిలబడబోయి, కాలు స్తంభం దగ్గరుందని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

ఇవి సగటు లెక్కలే, అందరి కాలూ వందకి 5.9 తూగదు. అయినా ఉజ్జాయింపు లెక్క వేయడం, కాలు అసలు లేనట్టే వదిలేయడం కన్నా నయం కదా. కాలు తగిలించుకునే తూకమెక్కితే ఇంకో పొరపాటు, అది గోతంతో సహా తూచినట్టు. రెండు కాళ్లూ పోయినవాళ్ల ఎత్తు ఎట్టా అంటారా? రెండు చేతులూ బార చాపి కొలిస్తే, మనిషి బార ఇంచుమించు మనిషి ఎత్తు ఉంటుంది. బావిలో తాడు బారల్లెక్కన కొలిచినవాళ్లకి కొత్తగా చెప్పాలా!

ఇంకో డాక్టరు ఈ లెక్కంతా ఒక ఉత్తరంలో రాసిచ్చాడు. కాగితం ఈసారి తిరిగి రాలేదు.

ఆపరేషన్‌లో రెండు రకాలు ఎక్కువ. ఒకదాంట్లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి, ముప్పాతిక భాగం పైగా తీసేసి, అరటికాయ అంత సన్నం చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఆ తీసేసిన భాగంలోనే పుడుతుంది. కడుపు చిన్నదవడంతో పాటు ఆకలీ చిన్నదవుతుంది. రెండోది బైపాస్. "నెల్లూరు బైపాసు లాగానా?" అన్నాడు మావాడు. ఎగతాళికే అన్నాడుగానీ అదే. పైన ఉగ్గుగిన్నెడు, అంటే 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి ఉంచి, దానికి చిన్నపేగుని తెచ్చి కుడతారు. తిన్నది ఊళ్లోకి రాకుండా పక్క నుంచి పోతుంది. షుగరు ఉన్నవాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది, బరువు తగ్గకముందే చక్కెర దిగడం మొదలవుతుంది. బావకి చేసింది ఇదే.

ఇక్కడ నేను కొంచెం గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ చేసే డాక్టరు ఒకచోట, కాలు చేసే మనిషి ఇంకోచోట. ఒకరి మొహం ఒకరు చూడరు. ఈ బైపాస్‌తో ఏడాదిలో మనిషి బరువులో పావు నుంచి మూడోవంతు దాకా పోతుంది. పోయేది పొట్ట ఒక్కటేనా? మొండి కాలు కూడా సన్నబడుతుంది. ఆ మొండి కూర్చునే గిన్నె లాంటి భాగాన్ని సాకెట్ అంటారు, కట్టుడు కాలికి ప్రాణం అదే. 92 కిలోల మనిషికి పోతపోసిన సాకెట్‌లో 80 కిలోల మనిషి మొండి పెడితే, రోట్లో రోకలాడినట్టు పైకీ కిందికీ ఆడుతుంది. చర్మం ఒరుసుకుని పుండవుతుంది. షుగరు ఉన్నవాడికి స్పర్శ తక్కువ, పుండు పడిందని సాయంత్రం కాలు తీసేదాకా తెలియదు. ఒక కాలు పోగొట్టుకున్నవాడికి ఆ మొండి మీద పుండంటే చిన్న సంగతి కాదు.

మొదట్లో సాక్సుల మీద సాక్సులు తొడిగి వదులు పూడ్చుకోవచ్చు. బావ నాలుగు దాకా తొడిగాడు. ఆ తర్వాత సాకెట్ మార్చక తప్పదు. పది నెలల్లో మూడుసార్లు మార్చారు. అందుకే ఆపరేషన్ ముందు ఖరీదైన సాకెట్ చేయించుకోవడం, ఎదిగే పిల్లకి పెళ్లిబట్టలు ముందే కుట్టించడం లాంటిదంటాను. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలో కట్టుడు కాళ్లు చేస్తారు. ఆపరేషన్ సంగతి అక్కడ ముందే చెప్పి ఉంచితే మంచిది.

జైపూర్ కాలు కథ దీనికి ఎదురు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిది. 1968 ప్రాంతంలో డాక్టర్ పి.కె. సేఠీ, పెద్ద చదువు లేని శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేశారు. అంతకుముందు విలాయతీ కాలు బూటు లోపలికి తప్ప పనికి రాదు. మనం చెప్పులిప్పి గుళ్లోకి పోవాలి, బాసింపట్టు వేసుకుని తినాలి, మడిలో దిగాలి. రబ్బరు పాదంతో అవన్నీ కుదిరాయి. 1981లో సేఠీ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కాలితోనే మళ్లీ నాట్యం చేసిన సుధా చంద్రన్ కథని 1985లో 'మయూరి'గా తీసింది మన నెల్లూరు జిల్లా మనిషి సింగీతం శ్రీనివాసరావు. మా బావ ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు, కాలు ఉన్నప్పుడే.

మళ్లీ ఆపరేషన్ దగ్గరికి వద్దాం. అయినరోజే లేపి నడిపిస్తారు, కాలి రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టకుండా. అందుకని కట్టుడు కాలు, ఊతకర్రలు మంచం పక్కనే ఉండాలి. బావ కాలుని ఇంట్లోవాళ్లు "ఆసుపత్రిలో ఎందుకులే" అని ఇంటి దగ్గరే పెట్టి వచ్చారు! మనవడు మోటారు సైకిలు మీద పోయి తెచ్చాడు. కర్రల మీద బలం వేసి లేస్తే పొట్ట కండరాలు లాగుతాయి. అందుకే లేచే పద్ధతి ముందే నేర్చుకోవాలి.

తిండి ఇంకో చదువు. ఉగ్గుగిన్నెడు సంచిలో అన్నానికి చోటు ఉండదు. ముందు గుడ్డో చేపో పప్పో తినాలి, రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు. లేకపోతే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. ఒంటికాలి మనిషికి మిగిలిన కాలి కండే ఆస్తి. మొలగొలుకుల అన్నం గుట్టగా పోసుకుని తినే వంశం మాది, ఆయనకి ఇదే పెద్ద శిక్ష. ఉదయగిరిలో చెక్కతో చెక్కే చెంచాల్లో అన్నిటికన్నా చిన్నది కొనిచ్చాను, మెల్లగా తినమని. బీ12 విటమిన్ జన్మంతా వేసుకోవాలి, ఎందుకంటే అది ఒంటికి పట్టాలంటే మనం పక్కకి తప్పించిన ఆ జీర్ణాశయం సాయం కావాలి. అది తగ్గితే నరాలు చచ్చుబడి అరికాలు తిమ్మిరెక్కుతుంది. ఉన్న ఒక్క అరికాలు.

తీపి తింటే ఇంకో తంటా. చక్కెర గబుక్కున పేగులోకి దిగి గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. దాన్ని డంపింగ్ అంటారు. రెండు కాళ్లవాళ్లు గోడ పట్టుకుంటారు. బావ పడిపోతాడు.

మొన్న సంక్రాంతికి ఆయనే తన వడ్ల కాటా మీద కుర్చీ వేయించుకుని, కాలు తీసి కూర్చున్నాడు. కుర్చీ తరుగు పోను 68 కిలోలు. ఎత్తుతో భాగించి, "24.98! పాతిక కిందికొచ్చా. ఊబకాయం అయిపోయింది!" అని అరిచి, సంచిలోంచి నెల్లూరు మలైకాజా పొట్లం తీశాడు.

మనవరాలు ఫోను తీసింది. "68ని 0.941తో భాగించాలి కదా తాతా. 72.3. అంటే 26.5."

"అది బీమావాళ్లకి తల్లీ," అన్నాడు బావ.

అది చెయ్యి చాపింది. ఆయన కాసేపు చూసి, పొట్లం దాని చేతిలో పెట్టాడు.