ఓరుగల్లు ప్రభువుల శోకము

ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కుల నిలిచియున్న కీర్తితోరణములను జూచి గర్వింపని యాంధ్రుడుండడు. అవి కాకతీయుల వైభవమునకు సాక్షులు. అయితే యా ప్రభువుల దుఃఖమునకు సాక్షు లెవ్వరు? వారి ప్రశస్తులలో విజయములు గలవు, దానములు గలవు; శోకము మాత్రము కానరాదు. లోకభారము వహించినవారికి దమ కష్టమును జెప్పుకొను తీరిక యుండదు. దానిని జెప్పవలసినవారు వెనుక మిగిలినవారే.

రుద్రమదేవికి బుత్రులు లేరు. దౌహిత్రుడైన ప్రతాపరుద్రుని వారసునిగా నెన్నుకొనెను. కడపటి దినములలో గాయస్థ అంబదేవుడు తిరుగబడెను. తన సామంతునితోడనే పోరాడవలసి వచ్చెను. ఆ పోరులోనే యామె మడిసియుండునని చరిత్రకారులు తలంచుచున్నారు. ఆమె మరణవార్తను మనకు దెలిపినది రాజశాసనము కాదు. నల్లగొండ ప్రాంతమున జందుపట్లలో 1289వ సంవత్సరమున బువ్వుల ముమ్మడి యను నొక బంటు నిలిపిన శిల. రాణియు, సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకమున కేగిరని చెప్పి, వారి పుణ్యమునకై యతడు భూదాన మొనర్చెను. ఇంతటి సామ్రాజ్ఞికి దక్కిన బాష్పాంజలి యిదియే.

ప్రతాపరుద్రుని కథ మరింత దుఃఖకరము. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడికి లొంగి, మెడలో గొలుసు వేసిన తన స్వర్ణప్రతిమను బంపెనని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో వ్రాసెను. కోటలోని జనుల ప్రాణములకై తన మానమును దూచి యిచ్చిన ప్రభువు హృదయ మెట్లు దహించెనో యా కవి యెరుగడు. 1323లో ఉలుగ్‌ఖాన్ కోటను బట్టుకొని యతనిని ఢిల్లీకి బంపెను. దారిలో నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. స్వేచ్ఛచే స్వర్గమున కేగెనని యనితల్లి కలువచేరు శాసనము, 1423లో, జెప్పుచున్నది. పరాధీనుడై ఢిల్లీ చేరుటకంటె మరణమే మేలని యెంచెనా? ఆ రెండు మాటల నడుమ నొక రాజు తుదిరాత్రి దాగియున్నది.

ఓడిన నాయకుని నిందించుట సులభము. వాని యోటమివెనుక నున్న వేదనను విచారించుట న్యాయము. ఆ న్యాయము ప్రతాపరుద్రునకు జేసినవారు రాజ్యము పోయిన పిమ్మట గూడ నతనిని మరువని తెలుగువారు. రుద్రమకు జేసినవా డొక బంటు.

మా పాఠకులలో భూస్వాము లనేకులు గలరు. గట్లమీద, బావియొడ్డున, శిథిలాలయములలో నక్షరములు గల ఱాళ్లు నేటికిని బడియున్నవి. వానిని మెట్లకు, గోడలకు వాడుకొనక పురావస్తుశాఖవారికి దెలుపుడని మా మనవి. చందుపట్ల శిలయే యట్లు గోడలో జేరియున్నచో, రుద్రమ యెప్పు డస్తమించెనో మన మెరుగకుందుము.