వ్యాసముల లెక్కయు, విద్య విలువయు

ప్రకటించిన వ్యాసముల సంఖ్యను బట్టియు, ఇతరులు వానిని ఉదాహరించిన లెక్కను బట్టియు పండితుల యోగ్యతను నిర్ణయించుట నేఁటి శాస్త్రలోకమున వాడుక. ఈ కొలత యెంతవఱకు నమ్మఁదగినదో కాటలిన్ కరికో చరిత్రము తెలుపుచున్నది.

ఈమె హంగరీ దేశమున నొక మాంసవిక్రేత కుమార్తె. 1985లో భర్తతోను, చిన్నారి కూఁతురితోను అమెరికా చేరెను. 1989 నుండి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున, జీవకణములలో ఆజ్ఞలు మోయు ఆర్.ఎన్.ఏ. యను పదార్థమును శోధించెను. పరిశోధనకు ధనసహాయము లభింపనందున 1995లో ఆమె పదవి తగ్గింపఁబడెను. అయినను ఆమె పని విడువలేదు.

వెలుపలినుండి వచ్చిన ఆర్.ఎన్.ఏ.ను దేహరక్షకశక్తి శత్రువుగా నెంచి యెదిరించును. అందలి యూరిడిన్ అను భాగమును కొంచెము మార్చినచో ఆ యెదిరింపు శమించునని, డ్రూ వైస్మన్‌తోఁ గూడి 2005లో ‘ఇమ్యూనిటీ’ పత్రికలో ఆమె ప్రకటించెను. నాఁడు దానిని గమనించినవారు కొలఁదిమందియే. 2020లో కరోనా మహమ్మారి విజృంభింపఁగా, ఆ సూత్రము మీఁదనే టీకాలు సిద్ధమై కోట్లమందికి రక్షయయ్యెను. 2023లో వారిరువురికిని నోబెల్ బహుమానము వచ్చెను.

బిడ్డల చదువును మార్కులతోనే తూఁచు తల్లులు దీనిని తలంపవలెను. విత్తనపు బలము నాటిననాఁడే తెలియునా?